చెడిపోయిన వైపరుతో దివిసీమకు

దివిసీమ ఎలా ఉంటుందని మా స్కూల్లో తోటి టీచర్లు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. ఒకరికి అక్కడి అన్నం గురించి, ఇంకొకరికి కాలవల గురించి నాలుగు ముక్కలు చెప్పి తప్పించుకుంటూ వచ్చాను. గుంతకల్లు దాటి తూర్పుకు వెళ్ళనివాళ్ళు మాలో చాలామంది ఉన్నారు. వాళ్ళ కోసం మొత్తం ఒకేసారి రాసేస్తే మళ్ళీ మళ్ళీ చెప్పే పని ఉండదని కూర్చున్నాను.

నా భర్త దేవదానం గారు హెల్తు ఇన్‌స్పెక్టరు. ఆయనకు దివిసీమకు బదిలీ అయినప్పుడు నేను ఉద్యోగం వదిలి రానన్నాను. ఆయన ఒక్కరే వెళ్ళారు. ఎనిమిది నెలలకు జ్వరం తగిలి పోయారు. నాకు తంతి అందేసరికి సమాధి కూడా చేసేశారు. ఆ తర్వాత మూడేళ్ళు గడిచినా నేను వెళ్ళి చూడలేదు. సెలవు దొరకలేదని అందరికీ చెప్పేదాన్ని. ధైర్యం చాలలేదన్నది అసలు సంగతి.

ఈ ఆగస్టులో అక్కడి సంఘపెద్ద ఏలియా గారు కార్డు రాశారు. "కృష్ణ ఒడ్డును కోసేస్తోంది. మన సమాధుల దొడ్డిలో నాలుగు వరసలు నదిలో కలిసిపోయాయి. మీవారిది ఏడో వరస. ఎముకలు తీసుకువెళ్ళదలిస్తే బండి కట్టించుకుని వెంటనే రండి. మీ మాట లేకుండా మేము ముట్టుకోము" అని ఉంది అందులో.

ఎముకల పెట్టెతో రైలూ బస్సూ ఎక్కనివ్వరు. మా మరిది సామ్యేలు గుంతకల్లులో టాక్సీ నడుపుతాడు. యుద్ధానికి ముందు నాటి ఇంగ్లీషు కారు అది. తల్లిదండ్రులు లేని సామ్యేలును పెంచి పెద్ద చేసింది వాళ్ళన్నే. కార్డు చదివిన గంటలో ట్యాంకు నింపి, పారా, కొత్త దేవదారు పెట్టె వెనకసీట్లో పెట్టాడు.

గుడివాడ

మూడో రోజు పొద్దున గుడివాడ చేరాం. బెజవాడ దాటినప్పటి నుంచి ఎటు చూసినా పచ్చదనమే. మాకు ఏడాదిలో పది రోజులు కనబడే నీళ్ళు ఇక్కడ రోడ్డుకు రెండు పక్కలా ఊరికే పారిపోతుంటాయి. మొదట ముచ్చటేసింది. కాసేపటికి ఆ నీళ్ళంటే భయం పట్టుకుంది.

స్టేషను దగ్గర హోటల్లో భోజనానికి కూర్చున్నాం. మూడుసార్లు వడ్డించిన అన్నం మల్లెపూవులా ఉంది. సంగటి ఉందా అని సామ్యేలు అడిగితే వడ్డించేవాడు నవ్వి, "అదేంటండీ, ఒంట్లో బాగోలేదాండీ?" అన్నాడు. అక్కడ ప్రతి మాటకూ అండీ ఉంటుంది. జట్కావాళ్ళిద్దరు బేరం దగ్గర తిట్టుకుంటున్నారు, ఆ తిట్లలోనూ అండీ ఉంది. కొత్త పైసలు వచ్చి ఇన్నాళ్ళయినా హోటలు యజమాని ఇంకా అణాల్లోనే లెక్క చెప్పాడు.

చేతులు కడుక్కుంటుండగా వాన మొదలైంది. మావైపు వాన వస్తుంది, కురుస్తుంది, వెళ్ళిపోతుంది. ఇక్కడి వానకు వెళ్ళే ఆలోచన ఉన్నట్టు లేదు. సామ్యేలు బండి కదిపి వైపరు స్విచ్చి వేశాడు. కడ్డీ సగం దూరం వెళ్ళి ఆగిపోయింది. అంతటితో హారను కూడా మూగబోయింది.

"ఫ్యూజు పోయింది వదినా. వైపరుకీ హారనుకీ ఒకటే ఫ్యూజు."

కొత్త తీగ చుట్టాడు. స్విచ్చి వేయగానే అదీ పోయింది. మూడోసారి ఓపిక నశించి లావుపాటి రాగితీగ మెలిపెట్టి బిగించాడు. నిమిషం తిరక్కుండానే మీటర్ల పలక వెనక నుంచి రబ్బరు కాలిన కంపు, దాని వెనకే పొగ వచ్చాయి. చెయ్యి కాల్చుకుంటూనే తీగ పీకేశాడు.

"ఈ బండి కొన్న అయిదేళ్ళలో వైపరు పట్టుమని పదిసార్లు ఏసుంటానో లేదో. పనిచేస్తాదో లేదో సూసుకోనేలేదు" అన్నాడు, తప్పు చేసినవాడిలా.

ఆ కారుకు వైపరు ఒకటే, డ్రైవరు వైపు. దాని మోటారు అద్దం పైఅంచున ఉంటుంది. లోపలివైపు చిన్న పిడి ఉంది. మోటారు తిరగనప్పుడు ఆ పిడిని చేత్తో అటూ ఇటూ తిప్పితే బయట కడ్డీ కదులుతుంది. నేను ముందుకు వంగి పిడి పట్టుకున్నాను. సామ్యేలు బండి కదిలించాడు.

పెదన దారి

ఆ ప్రయాణంలో నేను చూసిన దేశమంతా అద్దం మీద కడ్డీ తుడిచిన విసనకర్రంత జాగాలోంచే చూశాను. తాటాకు ఇళ్ళు, నడుం లోతు నీళ్ళలో గేదెలు, గొడుగు కింద ఒంటికాలి మీద నిలబడ్డ ఒక ముసలాయన. గుడ్లవల్లేరు దాటేసరికి భుజం లాగడం మొదలైంది. చెయ్యి మార్చుకున్నాను. మళ్ళీ మార్చుకున్నాను. ఆ మార్చుకునే రెండు క్షణాల్లో అద్దం మీద నీళ్ళు తెర కట్టేశాయి. సామ్యేలు "వదినా!" అని అరుస్తూ బ్రేకు తొక్కాడు. ఏదో ఠంగుమని తగిలింది.

దిగి చూస్తే రోడ్డు మీద సైకిలు పడి ఉంది, మనిషి లేడు. కాలవలోంచి ఒక తల పైకి లేచింది. నడివయసు మనిషి, పేరు వీరయ్య అని తర్వాత తెలిసింది. పెదనలో గుడ్డల మీద అచ్చులు వేసే పని. సైకిలు వెనక మూట కట్టుకుని వెళ్తుంటే మా బండి తగిలి మూటతో సహా కాలవలో పడ్డాడు. మేమిద్దరం చెరో చెయ్యి పట్టి పైకి లాగాం. ఎడమ భుజం వాచిపోయింది.

"హారనన్నా కొట్టలేదేంటండీ?" అన్నాడు వణుకుతూ.

"పనిచేయడం లేదయ్యా. క్షమించు" అన్నాను.

మూట విప్పి చూసుకున్నాడు. అన్నీ ఎర్ర, నల్ల పువ్వుల దుప్పట్లు. "ఎటూ కాలవలో ఉతకాల్సిన గుడ్డేలెండి. పది రోజుల్నించి ఎండ లేదు, ఆరేసుకునే దారి లేదు. ఇంకాస్త తడిస్తే పోయిందేముంది" అన్నాడు. ఆయన తిట్టి ఉంటే మాకు కొంత తేలిగ్గా ఉండేది.

పెదనలో వాళ్ళింటి ముందు దింపాం. భార్య పరిగెత్తుకొచ్చి ముందు భర్త భుజం చూసింది, తర్వాత మా ఇద్దరి మొహాలూ చూసింది. లోపలికి మాత్రం రమ్మనలేదు. గుమ్మంలోంచి లోపల వరస వరసగా వేలాడుతున్న తడి గుడ్డలు కనిపించాయి.

మళ్ళీ బండి ఎక్కాక సామ్యేలు స్టీరింగు మీద తల ఆనించాడు. "బందరు దాకా నడిచినట్టు పోతా వదినా. ఆడ వైపరు బాగయ్యేదాకా అడుగు కదపను. నువ్వేమన్నా సరే."

నాకు ఏడో వరస అన్న మాట ఒక్కటే తలలో తిరుగుతోంది.

బందరు

పన్నెండున్నరకు బందరు చేరాం. మిఠాయి దుకాణాల్లో నల్లటి హల్వా, లడ్డూలు పళ్ళేల్లో పేర్చి ఉన్నాయి. బందరు వెళ్ళినవాళ్ళు అవి తినకుండా రారట. నేను తినలేదు, రుచి అడగకండి.

గిలకలదిండి వైపు వెళ్ళే దారిలో సుబ్బారావు అనే ఆయన షెడ్డు ఉంది. కార్లకూ, చేపల లాంచీలకూ కరెంటు పని చేస్తాడు. షెడ్డంతా చేపల వాసన, గ్రీజు వాసన. సామ్యేలు జరిగింది చెబితే ఆయన రెండు తీగలు తగిలించిన చిన్న బల్బు పట్టుకుని కూర్చున్నాడు. ఒక్కొక్క చోట తీగ ఆనించడం, బల్బు వెలుగుతుందో లేదో చూడడం, అంతే పని. అద్దం చట్రం లోపలి నుంచి పైకి వెళ్ళే తీగ దగ్గర అసలు గుట్టు దొరికింది. దాని మీది రబ్బరు ఎండి రాలిపోయి, లోపలి రాగి చట్రం ఇనుముకు రాసుకుంటోంది.

"కరెంటు మోటారు దాకా వెళ్ళకుండా మధ్యలోనే బాడీలోకి దిగిపోతోందండి. ఫ్యూజు పోక ఏం చేస్తుంది? మీరేమో రాగితీగ కట్టారు. ఇంకో నిమిషం ఆగితే బండి అంటుకునేది."

కొత్త తీగ లాగాడు. హారను మోగింది. వైపరు మాత్రం కదల్లేదు. మోటారు విప్పి పాత పేపరు మీద బోర్లించాడు. గుప్పెడు ఎర్రమన్ను రాలింది.

"ఇదేంటండీ, మోటార్లో మట్టి పోశారా?"

"మా ఊరి దుమ్మయ్యా" అన్నాను. నాకెందుకో ఆ మన్ను పారేయొద్దని చెప్పాలనిపించింది. చెప్పలేదు. ఆయన పేపరు మడిచి బయటికి విసిరేశాడు.

లోపల రెండు బొగ్గు ముక్కలుంటాయట, తిరిగే ఇరుసుకు కరెంటు అందించేవి అవే. రెండూ అరిగి గోరంత మిగిలాయి. బందరులో కొత్తవి దొరకవు. ఆయన అయిపోయిన టార్చి బ్యాటరీ పగలగొట్టి లోపలి బొగ్గు కడ్డీ తీసి, ఆకురాయితో అరగదీసి సరిపెట్టాడు. మోటారు తిరిగింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఆపి మళ్ళీ వేస్తే తిరగలేదు. వేలితో కొంచెం నెడితే తిరిగింది. మళ్ళీ ఆగింది.

బల్బు పెట్టి చాలాసేపు చూసి, తల అడ్డంగా ఊపాడు. "ఇరుసు చుట్టూ ఉన్న రాగి రేకుల్లో ఒకదాని దగ్గర తీగచుట్ట కొస తెగిపోయిందండి. వెంట్రుకంత తీగ. నా సామానుతో సీసం కరిగించి మాటు వేస్తే పక్కవి కూడా కాలిపోతాయి. చిలకలపూడి తీసుకెళ్ళండి. రోల్డుగోల్డు పనిచేసే బ్రహ్మయ్య ఆచారి గారని ఉన్నారు. ఆయన చేతికి లొంగుతుంది."

అప్పటికి మూడున్నర అయింది.

చిలకలపూడి

చిలకలపూడి పక్కనే. ఆ ఊళ్ళో వీధి వీధంతా గాజులూ గొలుసులూ తయారుచేసే ఇళ్ళే. మా ఊళ్ళో పెళ్ళిళ్ళకు పెట్టుకునే రోల్డుగోల్డు గొలుసులు ఇక్కడినుంచే వస్తాయని అప్పుడు తెలిసింది.

బ్రహ్మయ్య ఆచారి గారికి అరవై దాటి ఉంటాయి. మోటారు ఇరుసును అరచేతిలో పెట్టుకుని, కంటికి భూతద్దం తగిలించుకుని గుమ్మం దగ్గరికి వచ్చి చూశారు. ఆకాశం చూశారు. మళ్ళీ లోపలికి వెళ్ళి కూర్చున్నారు.

"చేయొచ్చమ్మా. కానీ ఇవాళ కాదు."

"ఎందుకని?"

"వెలుగు చాలదు. దీపం పెట్టుకుని ఈ పని చేస్తే మాటు పక్క రేకు మీదికి పాకుతుంది. అప్పుడిక ఈ మోటారు ఎవరికీ పనికిరాదు. రేపు పొద్దున ఏడింటికి కాస్త తెరిపిస్తుంది. అప్పుడు గంటలో ఇచ్చేస్తాను."

నాకు కోపమొచ్చింది. "మేము వినోదానికి రాలేదండీ" అని గట్టిగా అనేసి, కార్డు సంగతి చెప్పాను. ఆయన విని, భూతద్దం తీసి పక్కన పెట్టారు. "ఇంకో మనిషైతే చేసి ఇచ్చేసి డబ్బు తీసుకునేవాడమ్మా. అది దారిలో ఆగిపోతే మీరేం చేస్తారు?" అన్నారు.

అప్పుడే సామ్యేలు బస్సు సంగతి కనుక్కుని వచ్చాడు. "వదినా, నాలుగున్నరకి అవనిగడ్డ బస్సుందంట. నువ్వు దాంట్లో పో. ఆడినుంచి జట్కాలో నాగాయలంక దాటిపోవచ్చంట. రాత్రికి ఏలియా గారింట్లో ఉంటావు. నేను రేపు బండి తీసుకుని వస్తా."

మంచి మాట చెప్పాడు. నేను సంచీ కూడా చేతిలోకి తీసుకున్నాను. ఆ ఊరికి ఒక్కదాన్నే వెళ్ళి, ఆయన చివరి రోజుల్లో పక్కనున్నవాళ్ళ ముందు నిలబడాలి. "మూడేళ్ళకు వచ్చావా" అని వాళ్ళు నోటితో అనకపోయినా చూపుతో అంటారు. సంచీ మళ్ళీ కింద పెట్టేశాను.

"వద్దులే. ఇద్దరం కలిసే పోదాం. ఒక్క రాత్రికి ఏమవుతుంది" అన్నాను.

నాలుగున్నర బస్సు హారను వీధి చివర మోగి వెళ్ళిపోయింది.

ఆచారి గారి భార్య మాకు వరండాలో విస్తళ్ళు వేసి కందాబచ్చలి కూరతో అన్నం పెట్టింది. లోపలికి పిలవలేదు. ఆ పట్టింపు మా ఊళ్ళోనూ ఉన్నదే. కానీ వడ్డించేటప్పుడు ఆవిడ మా ఎదురుగా కూర్చుని, "అంత దూరం నుంచి వచ్చారు, కడుపునిండా తినండమ్మా" అని బతిమాలుతూనే ఉంది. అక్కడే పడుకున్నాం.

పొద్దున ఆయన అన్నట్టే మబ్బు కాస్త విడింది. ఏడున్నరకు పనికి కూర్చున్నారు. ఊదుగొట్టం నోట్లో పెట్టుకుని సన్నని మంట ఊదుతూ, తెగిన కొసను రేకుకు ఆనించి, ఆవగింజలో సగం మాటు పెట్టారు. ఆ సేపంతా ఆయన రెప్ప వేసినట్టు నేను చూడలేదు. ఎదురుగా గోడ గడియారం ఎనిమిది కొట్టింది. మోటారు బిగించి స్విచ్చి వేస్తే కడ్డీ అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు ఆగకుండా తిరిగింది. ఇరవై సార్లు ఆపి వేసి చూశాడు సామ్యేలు. ఒక్కసారీ మొరాయించలేదు.

దివిసీమ

మొవ్వ వైపు చేలన్నీ మునిగి ఉన్నాయి. రైతులు గట్ల మీద నిలబడి నీళ్ళకేసి చూస్తున్నారు, చేయడానికి ఏమీ లేక. వాన మళ్ళీ అందుకుంది. వైపరు టకటకమని తిరుగుతోంది. నాకు చేతులు ఖాళీగా ఉన్నాయి. పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ దాటాం. ఎర్రగా, సుడులు తిరుగుతూ పోతోంది నది. సామ్యేలు అటు చూడలేదు.

ఒంటిగంటకు ఆ పల్లె చేరాం. ఏలియా గారు సన్నగా, పొడుగ్గా ఉన్నారు. తడిసిన పంచెతో కరకట్ట మీదే ఎదురొచ్చారు. నన్ను చూసి, బండిలోని పెట్టెను చూసి, నెత్తి మీది గోనెసంచి తీసి చేత్తో పట్టుకున్నారు.

"ఈ పొద్దునేనమ్మా. ఎనిమిదింటికి. అయిదూ ఆరూ ఏడూ, మూడు వరసలూ ఒక్కసారే జారిపోయాయి."

సామ్యేలు అక్కడే బురదలో కూలబడి చంటిపిల్లాడిలా ఏడ్చాడు. "నేనే చేశా వదినా. వైపరు వైపరని నేనే ఆపా. అన్నని నేనే పోగొట్టుకున్నా."

ఏలియా గారు అతన్ని లేవదీస్తూ, "నిన్న రాత్రికి ఎవరైనా వచ్చి ఉంటే తెల్లారగానే తవ్వించేవాణ్ణి. మీ మాట లేకుండా ముట్టుకోవడానికి మాకు మనసొప్పలేదు" అన్నారు. నిందించాలని అనలేదు. జరిగింది చెప్పారు, అంతే.

"నువ్వు కాదు సామ్యేలూ" అన్నాను. "నిన్న బస్సుంది. నువ్వు ఎక్కమన్నావు. నేనే ఎక్కలేదు. భయపడ్డాను."

అతను నా మొహంలోకి చూశాడు.

సమాధుల దొడ్డి అంచుకు వెళ్ళాం. కేకు ముక్క కోసినట్టు మట్టి నిలువుగా తెగి ఉంది. కింద ఎర్రటి నీళ్ళు. ఎనిమిదో వరస అంచుకు మూడు గజాల దూరంలో ఉంది. ఆడా మగా పాతికమంది వానలో తవ్వుతున్నారు. తీసిన ఎముకల్ని పాత చీరల్లో మూట కట్టి, పేర్లు రాసిన రేకు ముక్కలు గుచ్చి, చింతచెట్టు కింద పెడుతున్నారు. ఊరికి అవతల మెరకలో కొత్త జాగా ఉంది. మైలున్నర దూరం. ఊళ్ళో ఎడ్లబళ్ళన్నీ కరకట్ట లోపలి ఇళ్ళ సామాను మోస్తున్నాయి, ఇటు రావడానికి ఒక్కటీ లేదు.

సామ్యేలు ఆ మూటల్ని కాసేపు చూశాడు. తర్వాత వెళ్ళి బండి తిప్పి, చింతచెట్టు దాకా వెనక్కి తెచ్చాడు. దేవదారు పెట్టె దింపి, అది ఎవరికైనా పనికొస్తుందేమో చూడమని ఏలియా గారికిచ్చాడు. తలుపులు తీసి, "ఎక్కించండి" అన్నాడు.

సాయంత్రం వరకు తొమ్మిది సార్లు తిరిగాం. వాన ఒక్క నిమిషం ఆగలేదు, వైపరూ ఆగలేదు. నేను ముందు సీట్లో కూర్చుని మూటలు జారకుండా పట్టుకునేదాన్ని. ఎనిమిదో తిరుగుడు దాకా నన్ను ఎవరూ ఏమీ అడగలేదు, నేను భయపడిన చూపు ఒక్కరూ చూడలేదు. వాళ్ళకు అంత తీరిక లేదు.

ఆఖరి తిరుగుడులో ఒక ముసలావిడ ముందు సీట్లో నా పక్కన ఇరుక్కుని కూర్చుంది. ఒళ్ళో చిన్న మూట ఉంది, ఆమె మనవరాలిది.

"మీవాళ్ళెవరమ్మా ఇందులో?" అని అడిగింది.

"లేరు. మా ఆయనది ఏడో వరస."

ఆమె నా వైపు తిరిగింది. "సూదుల బాబుగారా? మా ఇంటింటికీ వచ్చి సూదులేసేవారు. 'మా ఆవిడ పంతులమ్మ, ఎండాకాలం సెలవులకి వస్తది' అని చెప్పేవారు. నువ్వేనా?"

"నేనే" అన్నాను.

బండి గుంటలో పడి ఊగింది. ఆమె ఒక చేత్తో తలుపు పట్టుకుని, రెండో చేత్తో ఒళ్ళోని మూట తీసి నా ఒళ్ళో పెట్టింది. "నాకు చేతులు వణుకుతున్నయ్యమ్మా. పట్టుకో" అంది.

దానికి బరువే లేదు. మెరక మీద తవ్విన గోతి దగ్గర సామ్యేలు బండి ఆపి వచ్చి, చేతులు చాచేదాకా దాన్ని రెండు చేతులతో పట్టుకునే ఉన్నాను.